మూడోవాడి తరువాత గడియారం

డ్రిల్ మాస్టరుగా కొత్తగా చేరేవారు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. స్టాఫ్ రూములో మీకు కుర్చీ ఉండదు. ఉన్నా, మీరు గ్రౌండులో ఉన్న సమయంలో ఎవరో ఒకరు దాన్ని లాక్కుంటారు. నేను కోయిలకుంట్ల హైస్కూల్లో చేరిన రోజు హెడ్మాస్టరు నన్ను అందరికీ పరిచయం చేస్తూ, "ఈయన తిమ్మప్ప. పిల్లలను ఎండలో నిలబెట్టే పని," అన్నాడు. అందరూ నవ్వారు. లెక్కల అయ్యవారు మిగతావారి కంటే కొంచెం ఎక్కువసేపు నవ్వాడు. ఎంతసేపు నవ్వాడో ఇప్పటికీ చెప్పగలను. గడియారం చూడడం నా వృత్తి కదా.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వచ్చింది ఒక్కటే, దాని ఆర్డరులో నా పేరు తప్పు కొట్టారు. ఫైళ్ళ గురించీ రాయను. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రెండు మూడేళ్ళలో, గుడారాల్లో ఆఫీసులు నడిచిన కాలంలో, ఇద్దరు మనుషులు పరుగెత్తారు. ఆ ఇద్దరి గురించి రాస్తాను. ఒకడు నా దగ్గర నేర్చి జిల్లాలో మొదటివాడయ్యాడు. ఇంకొకడు నా దగ్గరే నేర్చి కడపటివాడయ్యాడు. ఎవరిది గొప్ప అన్న వాదన మా స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి నడిచింది. లెక్కల అయ్యవారికి అది వాదన కూడా కాదు. "మొదట వచ్చినోడు పందెం గాడు, కడాన వచ్చినోడు జనం. ఇందులో ఆలోచించేదేముండాది?" అనేవాడు. ఆయనకు అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

మస్తాన్

నా మొదటి ఉద్యోగం కడప జిల్లాలో, ఎర్రగుంట్లకు దగ్గర ఊళ్ళో. అక్కడ నేల తవ్వితే నాపరాయే. మస్తాన్ తండ్రి ఆ రాళ్ళు కొట్టేవాడు. మస్తాన్ పొద్దున్నే తండ్రికి సద్ది ఇచ్చి, రైలు కట్ట పక్కనున్న బాట వెంట పరుగెత్తుకుంటూ బడికి వచ్చేవాడు. బెల్లు కొట్టక ముందే వచ్చేవాడు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను, ఎందుకంటే మూడు మైళ్ళు వచ్చినా వాడికి రొప్పు లేదు.

మొదటిసారి మూడు మైళ్ళకు వాచీ పెడితే పదిహేడున్నర నిమిషాలు పట్టింది. నాలుగేళ్ళ తరువాత, పోలీసు కానిస్టేబుల్‌గా కర్నూల్లో ఉన్నప్పుడు, పదహారు నిమిషాలకు దించాడు. తగ్గింది ఒకటిన్నర నిమిషమే. కొత్త డ్రిల్ మాస్టర్లకు ఈ ఒకటిన్నర నిమిషం గురించి చెప్పాలి. మొదటి నిమిషం దానంతట అదే పోయింది. జొన్న సంగటి తిని, వేళకు పడుకుని, చెప్పినట్టు పరుగెత్తితే ఏ ఆరోగ్యవంతుడికైనా ఆ పాటి తగ్గుతుంది. మిగిలిన ముప్పై సెకండ్లకు మూడేళ్ళు పట్టింది. అందులో చివరి పదింటికి ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా వాడు ప్రతిరోజూ పరుగెత్తి, వాచీ చూసి, నిన్నటి కాలమే వచ్చిందని తెలుసుకుని, మళ్ళీ మరునాడు వచ్చేవాడు.

వాడి దగ్గర నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. వాచీ లేకుండా చుట్టు కాలం చెప్పేవాడు. నాలుగు వందల నలభై గజాల చుట్టు పూర్తిచేసి, నా ముందు నుంచి పోతూ, "డెబ్బై తొమ్మిది సార్," అనేవాడు. వాచీ చూస్తే డెబ్బై తొమ్మిదే. ఎట్లా తెలుస్తుందని అడిగితే, "నా కాళ్ళు నాకు చెప్పవా సార్?" అన్నాడు.

వాడు జిల్లాలో మొదటిసారి గెలిచినప్పుడు అప్పటి మా హెడ్మాస్టరు, "వాని కాళ్ళు పుట్టుకతోనే అట్లుండాయి, దాంట్లో నువ్వు చేసిందేముంది తిమ్మప్పా?" అన్నాడు. నన్ను అన్నందుకు నేను మరిచిపోలేదు. వాడిని అన్నందుకు క్షమించలేదు. పుట్టుకతో వచ్చిన కాళ్ళు పదిహేడున్నర నిమిషాల వరకే తీసుకువచ్చాయి. అక్కడ నుంచి వాడే వచ్చాడు.

ఏసన్న

కోయిలకుంట్ల బడిలో బావి నీళ్ళు ఉప్పన. తాగేనీళ్ళు ఊరి బయట బావి నుంచి కావడితో మోసుకురావాలి. ఆ పని ఏసన్నది. పక్క పల్లెలో తాతల కాలం నాటి చర్చి ఉన్న క్రైస్తవుల వాడ నుంచి వచ్చేవాడు. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఎనిమిదో తరగతి వరకు చదువు.

ఒకరోజు సాయంత్రం గ్రౌండులో నేను సున్నపు గీతలు వేయిస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఆత్మకూరు అడివిలో గార్డు పని పడిందంట. పరిగెత్తల్లంట. నేర్పిస్తారా?"

"ఎంత దూరం?"

"మూడు మైళ్ళు. ఇరవై నాలుగు నిమిషాల్లో."

"ఇంతకు ముందు ఎప్పుడైనా పరిగెత్తినావా?"

ఏసన్న నవ్వాడు. "మా ఇండ్లల్లో ఎవురన్నా పరిగెత్తినారంటే ఎనక ఎవురో తరుముతాండారని అర్థం సార్. ఊరికే పరిగెత్తేది నేర్సుకోలా."

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. వాడు మాత్రం మామూలుగానే అన్నాడు.

గార్డు పనికి వయసు పరిమితి ఇరవై అయిదు. అంటే వాడికి ఆ ఒక్క అవకాశమే. పైగా రేంజరు ఆఫీసువాళ్ళు ఆ ఏడాది పరుగు కాలం తామే చూడకుండా, జిల్లా ఆటల పోటీలో మూడు మైళ్ళు పరుగెత్తి, అక్కడి ముఖ్య టైం కీపరు సంతకంతో కాగితం తెమ్మన్నారు. బడి డ్రిల్ మాస్టరు సంతకం చెల్లదని అడుగున ప్రత్యేకంగా రాశారు. ఆ వాక్యం నేను రెండుసార్లు చదివాను. పదకొండేళ్ళుగా వాచీ పట్టిన చేయి నాది.

మొదటిరోజు ఏసన్న రెండు ఫర్లాంగులు పరుగెత్తి రోడ్డు పక్కన కూలబడ్డాడు. కావడి మోసే భుజాలు, నడిచే కాళ్ళు ఉన్నాయి, కాని పరుగులో ఊపిరి ఎప్పుడు తీయాలో, ఎప్పుడు వదలాలో తెలియదు. ఉప్పలపాడు బాటలో ఫర్లాంగు రాళ్ళు పాతి ఉండేవి. మూడు మైళ్ళంటే ఇరవై నాలుగు రాళ్ళు. వాడితో ఒకటే చెప్పాను: "ఈ వారం రెండు రాళ్ళు. వచ్చే వారం మూడు. మైళ్ళ గురించి ఆలోచించాకు."

నల్లరేగడి నేల. ఒక వాన పడితే కాలికి మట్టి అంటుకుని అడుగు శేరు బరువవుతుంది. అయినా ఆరు నెలలు మానలేదు. పొద్దున కావడి, సాయంత్రం రాళ్ళు. ఊళ్ళోవాళ్ళకు అదో వేడుక. అరుగుల మీద నుంచి, "ఏమి ఏసన్నా, బస్సు తప్పిపాయనా?" అని ఒకడంటే, "బస్సు కాదుప్పా, పెండ్లాము తరుముకోని వస్తాండాది," అని ఇంకొకడు. ఏసన్న ఆగకుండానే, "మీ ఇంటికే పోతాండా, సంగటి పెట్టమని చెప్పిరాపో," అని పోయేవాడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేనూ మొదట వాడిని తేలిగ్గానే చూశాను. మస్తాన్‌ను తయారుచేసినవాణ్ణి, నీళ్ళ ఏసన్నకు రాళ్ళు లెక్కపెట్టడమేమిటని లోపల అనుకున్నాను. పన్నెండో రాయి దాటిన రోజున ఆ ఆలోచన పోయింది. ఆ రోజు వాడు రాయి దగ్గర ఆగలేదు. దాన్ని దాటి పది గజాలు పోయి, తిరిగి వచ్చి, రాయి మీద చేయి పెట్టి, "సార్, ఇది అయిపాయ," అన్నాడు. రాయి అక్కడే ఉంది. వాడి ముఖం మాత్రం నాకు కొత్తగా కనిపించింది.

కర్నూలు గ్రౌండు

ఆ కాలంలో జిల్లా పోటీల్లో ఒక ఆచారం ఉండేది. మొదటి ముగ్గురికే వాచీ ఆపేవారు. మూడోవాడు గీత దాటగానే వాచీలు మూడూ పెట్టెలో పెట్టి, టైం కీపర్లు కాఫీకి పోయేవారు. తరువాత వచ్చేవాళ్ళు వస్తే వస్తారు, లేకపోతే లేదు. నేను దీని మీద ఏడేళ్ళలో ఏడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఒకదాని వెనుక మాత్రం ఎవరో కాఫీ గ్లాసు పెట్టిన మరక కనిపించింది.

ఆ ఏడు ముఖ్య టైం కీపరు వెంకటరత్నం గారు. రాజధానితో పాటు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. మెడకు మఫ్లరు, చేతిలో ఎప్పుడూ రుమాలు. నేను ఆయన దగ్గరికి పోయి, ఏసన్న విషయం చెప్పి, వాచీ కడపటివాడి దాకా నడవాలన్నాను.

"ఏవండీ తిమ్మప్ప గారూ, ఆ అబ్బాయి ఎన్నోవాడు వస్తాడంటారు?"

"కడపటివాడు."

"కడపటివాడికి టైమెందుకండీ? చెయ్యి పట్టుకుని ఇంటికి పంపించెయ్యండి."

"వానికి ఉద్యోగం కావల్ల. కాలం రాయకపోతే ఉద్యోగం లేదు."

ఆయన రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సరే, ఒక వాచీ మీ దగ్గరే ఉంచుకోండి. చుట్లు కూడా మీరే లెక్కపెట్టుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు. కానీ లెక్క సరిగ్గా ఉంటేనే నేను సంతకం చేస్తానండి."

చుట్లు లెక్కపెట్టడానికి మేము చింతగింజలు వాడేవాళ్ళం. ఒక్కొక్క పరుగుగాడికి పన్నెండు గింజలు తువాలు మీద ఎడమ వైపు పెట్టుకోవాలి. వాడు గీత దాటినప్పుడల్లా ఒక గింజ కుడి వైపుకు జరపాలి. ఎడమ వైపు ఖాళీ అయితే పన్నెండు చుట్లు, అంటే మూడు మైళ్ళు అయినట్టు. కాగితం మీద గీతలు పెడితే గాలికి ఎగురుతుంది, గింజలు ఎగరవు.

శనివారం సాయంత్రం పందెం మొదలైంది. ఎనిమిదిమంది. మస్తాన్ రెండో చుట్టుకే అందరినీ వదిలి ముందుకు పోయాడు. ఏసన్న కడాన ఉన్నాడు, కాని మేము అనుకున్న వేగంలోనే ఉన్నాడు. నేను నా కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద తువాలు పరిచి, గింజలు జరుపుతున్నాను.

ఏసన్న ఆరో చుట్టు సమయంలో ఒక ఆఫీసు జవాను వచ్చి, "సార్, కొంచెం లేస్తారా? గుడారాల ఆఫీసు నుంచి దొర వచ్చినాడు, కుర్చీ తక్కువైంది," అన్నాడు.

నాకు మండింది. "నేను పనిలో ఉన్నా. ఆ దొర పనిలో ఉండాడా?"

"నాకేం తెలుసు సార్, తెమ్మన్నారు, తెస్తాండా."

"టైం కీపరు కుర్చీ తీసేది యాడన్నా ఉందా?"

"నిలబడి కూడా గింజలు జరపచ్చు కదా సార్," అన్నాడు జవాను. అది తర్కంలో సరైన మాటే. అందువల్ల ఇంకా కోపం వచ్చింది. నేను లేచి, గింజలు కలవకుండా తువాలు మడిచి పట్టుకుని, స్టాఫ్ రూము కుర్చీ దగ్గర నుంచి మొదలుపెట్టి నాకు జరిగిన అన్యాయాలన్నీ ఆ మనిషికి చెప్పాను. వాడు కుర్చీ నెత్తిన పెట్టుకుని పోతూనే విన్నాడు. నేను నేల మీద తువాలు పరిచి మళ్ళీ కూర్చున్నాను.

మస్తాన్ పదహారు నిమిషాల లోపే ముగించాడు. జనం అరిచారు. తరువాత ఇంకో ఇద్దరు వచ్చారు. వాచీలు రెండు పెట్టెలోకి పోయాయి. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే ముగించారు. గ్రౌండులో ఏసన్న ఒక్కడే మిగిలాడు. జనం లేచి పోతున్నారు. నా వాచీ నడుస్తూనే ఉంది.

ఏసన్న గీత దాటి ఆగబోయాడు. "అయిపాయనా సార్?"

తువాలు చూశాను. ఎడమ వైపు ఒక గింజ ఉంది.

"ఇంకొక చుట్టు."

"పన్నెండు అయినట్ల ఉండాది సార్."

"గింజ ఉంది. పరిగెత్తు."

వాడు నా ముఖం చూశాడు. మళ్ళీ పరుగెత్తాడు. ఆ చుట్టు ఎట్లా పరుగెత్తాడో నేను చూశాను. మోకాళ్ళు లేవడం లేదు, తల ఒక పక్కకు వాలింది, నోరు తెరుచుకునే ఉంది. వచ్చి గీత మీద పడ్డాడు. వాచీ ఆపాను. ఇరవై అయిదు నిమిషాల ముప్పై ఎనిమిది సెకండ్లు. ఒకటిన్నర నిమిషానికి పైగా ఎక్కువ.

నా తప్పు

మస్తాన్ గీత పక్కనే తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. లేచి నా దగ్గరకు వచ్చాడు.

"సార్, ఆయప్ప పదమూడు చుట్లు పరిగెత్తినాడు."

"గింజలు అబద్ధం చెప్పవు."

"గింజలు చెప్పవు సార్. నేను ఆయప్పను మూడుతూర్లు దాటినా. నేను ముగించేటప్పటికి గీత దాటి డెబ్బై గజాలు నా ముందర పోతాండాడు. నావి పన్నెండు. అంటే ఆయనవి ఎనిమిది అయినట్ల. ఆపైన నేను ఈడనే కూసోని ఉండా. ఆయప్ప గీతను అయిదుతూర్లు దాటె. ఎనిమిదీ అయిదూ ఎంత సార్?"

నేను వెంటనే ఒప్పుకోలేదు. పావుగంట వాదించాను. నువ్వు అలిసిపోయి ఉన్నావు, నీకు లెక్క తప్పిందన్నాను. మస్తాన్ ఓపిగ్గా మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. మూడుసార్లు ఎక్కడెక్కడ దాటాడో కూడా చెప్పాడు: మొదటిసారి నీళ్ళ తొట్టి దగ్గర, రెండోసారి జెండా కొయ్య మలుపులో, మూడోసారి దొరల షామియానా ముందు. ఊపిరి అందని పరుగులో, పందెం గెలిచే పనిలో ఉంటూ, కడపటివాణ్ణి ఎక్కడ దాటాడో వాడికి గుర్తుంది. పైకెక్కినవాడి గొప్ప వేగంలోనే ఉందనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

షామియానా అన్న మాటకు నాకు కుర్చీ గుర్తుకొచ్చింది. నేను జవానుతో పోట్లాడుతున్నప్పుడు ఏసన్న ఒకసారి గీత దాటి ఉండాలి. నా చేతిలో తువాలు మడిచి ఉంది. గింజ జరపలేదు.

ఏడేళ్ళుగా అందరి తప్పులూ రాసి పెట్టుకున్నవాణ్ణి నేను. ఆ రోజు పెద్దది నాదే. నా కుర్చీ కోసం ఒక మనిషి బతుకును పణంగా పెట్టాను. పన్నెండో చుట్టు దగ్గర వాచీ ఎవరూ చూడలేదు కాబట్టి ఆ కాలం ఇక ఎవరికీ తెలియదు. సోమవారం దరఖాస్తుకు కడపటి రోజు.

ఏసన్న దగ్గరకు పోయి చెప్పాను. "లెక్క నేను తప్పినా. నీవి పన్నెండు అయిపోయినాయి."

వాడు పడుకునే ఉన్నాడు. "నాకు తెలుసు సార్."

"తెలిస్తే ఎందుకు పరిగెత్తినావు?"

"మీరు పరిగెత్తమంటిరి కదా."



వెంకటరత్నం గారి దగ్గరకు పోయి తప్పు ఒప్పుకున్నాను. ఆయన నన్ను ఎగతాళి చేస్తాడని ఎదురుచూశాను. చేస్తే గుర్తు పెట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉన్నాను. ఆయన చేయలేదు. "మీరు ఒప్పుకున్నంత మాత్రాన నేను కాలం రాయలేనండి. చూడని కాలం రాస్తే ఇంక వాచీ ఎందుకు? రేపు పొద్దున్న మళ్ళీ పరిగెడతానంటే నేనొస్తాను. ఇదే గ్రౌండు, ఇవే చుట్లు, వాచీ నా చేతిలో."

ఆయన చెప్పింది న్యాయం. అదే నాకు కష్టంగా అనిపించింది.

ఏసన్నకు చెబితే, "రేపు ఆదివారం సార్. ఈ ఊళ్ళో చర్చికన్నా పోవల్ల," అన్నాడు. అంత అలసటలోనూ వాడికి అదే ముందు.

మస్తాన్ పక్కనే ఉన్నాడు. "చర్చి ఎన్ని గంటలకప్పా? పొద్దున్నే పరిగెత్తి పోదువులే. నేనూ నమాజు చేసుకోని వస్తా. నీతో పాటు పరిగెత్తుతా."

"నువ్వెందుకప్పా? నువ్వు గెలిచినావు కదా."

"నీకు వేగం తెలీదు. మొదుట్లో జోరుగా పోయి కడాన సస్తాండావు. చుట్టుకు నూటా పదిహేడు సెకండ్లు. నేను పట్టుకోని పోతా, నువ్వు నా ఎంట రా."

ఆదివారం

తెల్లవారగానే నలుగురం గ్రౌండులో ఉన్నాం. తుంగభద్ర మీద నుంచి చల్లగాలి. వెంకటరత్నం గారు మఫ్లరు తలకు చుట్టుకుని, వాచీ చేతిలో పెట్టుకుని, ఒక్కరే గీత దగ్గర నిలబడ్డారు. నేను నేల మీద కూర్చుని గింజలు పరిచాను. కుర్చీ ఉన్నా కూర్చునేవాణ్ణి కాదు.

మొదటి చుట్టు. మస్తాన్ ఒక అడుగు ముందు, ఏసన్న వెనుక. గీత దాటుతూ మస్తాన్, "నూటా పదారు, ఒకటి," అన్నాడు. కాలమూ, చుట్టూ రెండూ చెప్పాడు. నా లెక్క మీద నమ్మకం లేక చెబుతున్నాడని నాకు అర్థమైంది. తప్పు పట్టలేదు.

ఎనిమిది చుట్లు అట్లాగే నడిచింది. తొమ్మిదో చుట్టులో ఏసన్న వెనుకబడ్డాడు. నిన్నటి పదమూడు చుట్లు కాళ్ళలో ఉన్నాయి. "నూటా ఇరవై రెండు, తొమ్మిది," అన్నాడు మస్తాన్. తల తిప్పి, "ఏమప్పా, కావడి భుజాన పెట్టుకోని పోతాండావా?" అని గేలి చేశాడు.

ఏసన్న రొప్పుతూనే అన్నాడు, "కావడి ఉంటే ఇంకా బాగా పోతా."

మస్తాన్ ఒక క్షణం ఆలోచించాడు. "అయితే ఉందనుకో. రెండు కడవల నీళ్ళు. తొణకనీయాకు."

ఏసన్న వీపు నిటారైంది. కుడిచేయి భుజం మీది కావడి బద్దను పట్టుకున్నట్టు కొంచెం పైకి లేచింది. అడుగులు చిన్నవయ్యాయి, ఒకదానికొకటి సమానంగా పడ్డాయి. పదేళ్ళుగా రోజూ రెండు పూటలా నడిచిన నడక అది. ఆరు నెలలు నేను వాడికి మస్తాన్ పరుగు నేర్పించాను. వాడి పరుగు వాడి దగ్గరే ఉందని నాకు తోచలేదు. కొత్త డ్రిల్ మాస్టర్లు ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకుంటే నేను ఇంత రాసినందుకు ఫలితం దక్కినట్టే.

పది, నూటా పదిహేడు. పదకొండు, నూటా పద్దెనిమిది.

కడపటి చుట్టు చివరి మలుపు తిరిగాక ఏసన్న మస్తాన్‌ను దాటి ముందుకు వచ్చాడు. చేయి దించి, కడవలు వదిలేసి, రెండు చేతులూ ఊపుతూ వచ్చాడు. మస్తాన్ పది గజాలు వెనుకబడ్డాడు. ఇరవై అయ్యాయి. నాకు కోపం వచ్చింది. కావాలని వెనక్కు తగ్గడం నాకు గిట్టదు, అది గెలిచినవాడిని అవమానించడమే. ఏసన్న గీత దాటాడు. నేను పన్నెండో గింజ జరిపాను. వెంకటరత్నం గారు వాచీ ఆపారు.

మస్తాన్ నడుచుకుంటూ వచ్చాడు. నేను ముందుగా వాడినే తగులుకున్నాను. "ఎందుకు ఆగినావు? దయ చూపించినావా వానికి?"

"లేదు సార్," అన్నాడు. "ఆయప్ప పోతావుంటే చూస్తా నిలబడిపోయినా. ఎవురన్నా అట్ల పరిగెత్తేది ఎనక నుంచి నేనెప్పుడూ చూడలా. నా ముందర ఎవురూ ఉండరు కదా."

ముగ్గురం నేల మీద కూర్చున్నాం. మస్తాన్ పిక్కలు పిసుక్కుంటూ, "సార్, ఇరవై నాలుగు నిమిషాలు ఆగకుండా నేను నా జన్మలో పరిగెత్తలా. పదారుకే నాది అయిపోతాది, పోయి కూసుంటా. వీళ్ళు ఇంతసేపు యెట్ల ఓర్సుకుంటారో నాకు తెలీకపాయ," అన్నాడు.

ఏసన్న, "నిన్న నువ్వు నన్ను దాటినప్పుడు నీ ఊపిరి ఇన్యా. కొలిమితిత్తి మాదిరి ఉండె. అట్ల ఒక నిమిషం కూడా నేను ఓర్సుకోలేను. నువ్వు పదారు నిమిషాలు యెట్ల ఓర్సుకుంటావప్పా?" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. లెక్కల అయ్యవారు ఆ పొద్దు అక్కడ ఉండి ఉంటే బాగుండేది.

నన్ను అడిగితే నా తీర్పు ఇది. ఆరితేరినవాడికి తాను చేయగలడని తెలుసు, ఎంత తొందరగా అన్నదే వాడి బాధ. కొత్తవాడికి చేయగలడో లేడో కూడా తెలియదు. తెలియకుండానే రోజూ సాయంత్రం రోడ్డు మీదికి రావాలి. అందువల్ల నేను ఏసన్నకు ఒక అడుగు ఎక్కువే వేస్తాను. కాని నూట పదిహేడు సెకండ్లను కాళ్ళతో కొలిచే విద్య మస్తాన్ సంపాదించి ఉండకపోతే ఆ పొద్దు ఏసన్న నిలిచేవాడు కాదు. వాడి ఏళ్ళ కష్టమంతా ఒకరోజు ఇంకొకడికి పనికి వచ్చింది. ఇందులో ఎవరిది తక్కువ చేసి మాట్లాడినా నేను పోట్లాటకు వస్తాను.

కాగితం నేనే రాశాను. పేరు, దూరం, కాలం: ఇరవై మూడు నిమిషాల ఇరవై ఆరు సెకండ్లు. సంతకానికి వెంకటరత్నం గారికి ఇచ్చాను. ఆయన చదివి, సంతకం చేయకుండా, వాచీ జేబులో నుంచి తీసి మళ్ళీ చూశారు. ఆ కాలపు వాచీలు సెకండును అయిదు భాగాలు చేసి చూపేవి. మామూలుగా మొదటి ముగ్గురికే అంత వివరంగా రాసేవాళ్ళం.

"పూర్తిగా రాయలేదండి మీరు," అని, కలం తీసుకుని, ఇరవై ఆరు పక్కన పైన చిన్నగా మూడు, కింద అయిదు వేసి మధ్యన గీత గీశారు. తరువాత సంతకం పెట్టి, రుమాలుతో సిరా అద్ది, కాగితం నేరుగా ఏసన్న చేతికే ఇచ్చారు.

ఏసన్న చర్చికి వేళవుతోందని ఒక కాలు మీద నిలబడి చదివాడు. ఆ చిన్న అంకెల దగ్గర ఆగాడు.

"ఇదేంది సార్, ఈ పక్కన ఉండేది?"

"అది కూడా మీదేనండి," అన్నారు వెంకటరత్నం గారు. "తీసుకెళ్ళండి."